చేతి నరము నలిగినపుడు – కోతకు ఒప్పుకొనవలెనా, ఆగవలెనా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున ఇంతవరకు పన్నుల వసూలును గురించియు, త్రాగునీటి పథకములను గురించియు, వీధి దీపములను గురించియు పెద్దలు మాటలాడియున్నారు. మేము ఎత్తుకొనిన విషయము వాటి ప్రక్కన చిన్నదిగా తోచును. వ్రేళ్లకు తిమ్మిరి పట్టుట కూడ ఒక ఉపన్యాసమునకు తగిన విషయమా అని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే అనుకొంటిమి. గత వర్షాకాలమున ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము వెళ్లినపుడు, అచ్చటి వార్డు సభ్యురాలొకరు మా అభిప్రాయమును మార్చివేసినారు.

ఆమెకు నలుబదియారేండ్లు. నాలుగు గేదెలున్నవి. ఇరువది సంవత్సరములుగా రెండు పూటల తన చేతులతోనే పాలు పితికి కేంద్రమునకు పోయుచున్నారు. ఎనిమిది నెలల క్రిందట కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రులందు తిమ్మిరెక్క నారంభించినవి. అర్ధరాత్రి మెలకువ వచ్చి, మంచము పట్టెపై కూర్చుండి చెయ్యి విదిలించుకొనెడివారు. విదిలించినంతనే నెమ్మదించెడిది. తరువాత పగలును తిమ్మిరి రాసాగినది. చెంబు జారిపోవుట, సూదిలో దారమెక్కించలేకపోవుట మొదలైనవి. కొంగున ముడివేసినది రూపాయి నాణెమో చింతగింజో వ్రేళ్లతో తడిమి చెప్పలేని స్థితి వచ్చినదని ఆమెయే మాతో అన్నారు.

ఆమె అశ్రద్ధ చేయలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లినారు. అచ్చటి డాక్టరు జిల్లా ఆసుపత్రికి పంపినారు. అచ్చట పరీక్షలు చేసి, కుడిచేతికి శస్త్రచికిత్స చేయుట మంచిదనియు, ఎడమచేతికి ఇప్పట్లో అవసరము లేదనియు చెప్పినారు. ఆమె ఇంటికి తిరిగివచ్చినారు. అసలు చిక్కు అప్పుడు మొదలైనది. "నరం కోస్తే చెయ్యి పడిపోతుందంట" అని పొరుగువారన్నారు. "గేదెల్ని ఎవరు పితుకుతారు?" అని భర్త అడిగినాడు. "వాతమే, ఆముదం రాయి" అని అత్తగారు చెప్పినారు. ఆమె మా కార్యక్రమము ముగియువరకు నిలిచియుండి, "అయ్యా, మీరు ప్రభుత్వంవారు గదా, కోయించుకోమంటారా, వద్దంటారా?" అని అడిగినారు.

మేము జవాబు చెప్పలేకపోతిమి. మా శాఖవారి కరపత్రములు సాధారణముగా "వెంటనే వైద్యుని సంప్రదించుడు" అను వాక్యముతో ముగియును. ఈమె సంప్రదించియే వచ్చినారు. ఆ పిమ్మట నిర్ణయమెట్లు చేసికొనవలెనో ఏ కరపత్రమును చెప్పలేదు. ఆ లోటు మాదే గనుక, తెలిసిన వైద్యులనడిగి, చదివి తెలిసికొన్న సంగతులను నేడు మీ యెదుట ఉంచుచున్నాము. మీ గ్రామమున ఇట్టివారు తప్పక ఉందురు. వారు ముందుగా సలహా అడుగునది మిమ్ములనే.

మొదట ఆ నరము సంగతి. మణికట్టు లోపలివైపున, అరచేయి మొదట, ఒక ఇరుకైన దారి యున్నది. దానికి అడుగునను ప్రక్కలను ఎముకలు, పైన గట్టి పట్టీ. రోడ్డు క్రింద తూము ఎట్లుండునో అట్లే. ఆ తూములోనుండి వ్రేళ్లను ముడుచు స్నాయువులు తొమ్మిది, వాటితోబాటు ఒక నరము, అరచేతిలోనికి పోవును. ఆ స్నాయువుల చుట్టునున్న పొర వాచినను, తూములో మరే కారణముచేత జాగా తగ్గినను, నలిగిపోవునది మెత్తనిదైన నరమే. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము – ఇంతమేరకు స్పర్శ నిచ్చునది ఆ నరము. కావున తిమ్మిరియు అంతమేరకే వచ్చును. నిద్రలో మణికట్టు వంగియుండుటచేత రాత్రి ఎక్కువగును. రెండు చేతుల వెనుక భాగములను ఒకదానికొకటి ఆనించి, మణికట్లను క్రిందికి వంచి ఒక నిమిషము పట్టియుంచినచో, ఈ జబ్బు గలవారికి చాలవరకు తిమ్మిరి కనబడును. దీనికి ఫేలెన్ పరీక్ష అని పేరు. మీరు కూర్చున్నచోటనే చేసి చూడవచ్చును. అయితే దానినిబట్టియే జబ్బును నిర్ధారణ చేయరాదు.

రెండవ ఇరుకు మోచేతి వద్ద నున్నది. మోచేయి గోడకు తగిలినపుడు చిటికెనవ్రేలి వరకు జివ్వుమను సంగతి మీకందరికి అనుభవమే. అచ్చట చర్మము క్రిందనే పోవు నరము చిటికెనవ్రేలికిని, ఉంగరపువ్రేలిలో మిగిలిన సగమునకును స్పర్శ నిచ్చును. వ్రేళ్ల నడుమనుండు చిన్న కండరములను నడిపించునదియు చాలవరకు అదియే. మోచేయి ముడిచి దానిపై ఆనుకొని గంటల తరబడి కూర్చుండువారికి, సెల్‌ఫోను చెవికానించి ఎక్కువసేపు మాటలాడువారికి, చెయ్యి ముడిచి తలక్రింద పెట్టుకొని నిద్రించువారికి ఇది నలుగును.

ఈ జబ్బు కొందరికే ఎందుకు వచ్చును? చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపము, కీళ్లవాతము, స్థూలకాయము, మణికట్టు విరిగి అతికిన ఎముక – ఇవి తోడ్పడును. గట్టిగా పట్టి పదే పదే చేయు పనులు, అదరు యంత్రములతో చేయు పనులు కూడ కారణములే. గర్భిణీ స్త్రీలకు ఒంటికి నీరు పట్టుటచే వచ్చి, ప్రసవమైన పిదప చాలవరకు తనంత తానే తగ్గును. గర్భిణికి వ్రేళ్లు తిమ్మిరెక్కినంతమాత్రమున కోతను గురించి భయపడనక్కరలేదు.

తిమ్మిరి యంతయు ఇదే యని భావింపరాదు. మూడు సంగతులు వేరుగా గుర్తుంచుకొనవలెను. ఉన్నట్లుండి ఒక ప్రక్క చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయినను, మాట తడబడినను అది పక్షవాతము. నిమిషములు లెక్కించవలసిన జబ్బు. వెంటనే 108కి ఫోను చేయవలెను. రెండవది: చెయ్యి విరిగి కట్టుకట్టిన పిదప వ్రేళ్లు చల్లబడినను, తెల్లబారినను, తిమ్మిరి గంటగంటకు హెచ్చినను, "కట్టు విప్పితే ఎముక కదులుతుంది" అని ఆగరాదు. అప్పటికప్పుడే ఆసుపత్రికి చేర్చి కట్టు సడలింపజేయవలెను. మూడవది కుష్ఠు వ్యాధి. ఇది మన ప్రాంతములనుండి పూర్తిగా పోలేదు. ఒంటిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ యుండి, మోచేతి వద్ద నరము త్రాడువలె లావెక్కి, చిటికెనవ్రేలు మొద్దుబారినచో ముందుగా దానిని తలపవలెను. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించును. నరము క్రొత్తగా దెబ్బతినినచో ఆ నెలలలోనే ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడింతురు. ఆ రోగికి మొదటి ఆశ్రయము మందే గాని కత్తి కాదు. మెడలో నరము నొక్కుకొనినను చేతికి తిమ్మిరి దిగును. చక్కెర వ్యాధిలో పాదములకును తిమ్మిరి యుండును. అందుచేతనే కోతకు ముందు ఏ నరము, ఎచ్చట, ఎంత నలిగినదో చూచు పరీక్షను అడుగవలెను. చేతిపై చిన్న బిళ్లలు అంటించి, స్వల్పముగా కరెంటు పంపి, నరములో అది ఎంత వేగముగా పోవునో కొలుతురు. కొంచెము చురుక్కుమనును. అంతకన్న బాధ లేదు.

ఇక అసలు ప్రశ్న. కోత ఎవరికి, ఎప్పుడు?

మన గ్రామములలో నొప్పి ఎక్కువైన కొలది జబ్బు ఎక్కువని, నొప్పి తగ్గిన కొలది జబ్బు తగ్గినదని లెక్క. నరము విషయమున ఈ లెక్క తప్పును. కరెంటు తీగకు పైన తొడుగు, లోపల రాగి యున్నట్లే నరమునకును తొడుగున్నది, లోపల పోగులున్నవి. ఒత్తిడి కొద్దికాలమే యున్నచో తొడుగు మాత్రము దెబ్బతినును. ఒత్తిడి తీసినచో అది కొన్ని వారములలో, నెలలలో మరల బాగుపడును. ఒత్తిడి ఏండ్ల తరబడి నిలిచినచో పోగులే చచ్చును. చచ్చుచున్న నరము నొప్పిని కూడ సరిగా తెలియజేయలేదు. మాకు తెలిసిన ఒక వృద్ధ దర్జీకి చిటికెనవ్రేలి వైపు రెండేండ్లు జివజివలాడి, పిదప శాంతించినది. "తగ్గిపోయింది బాబూ" అని అందరికి చెప్పుకొనెడివాడు. అప్పటికి అతని బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనుండవలసిన కండ కరిగి గుంట పడియున్నది. ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు కొక్కెమువలె వంగినవి. రెండు వ్రేళ్ల నడుమ కాగితము పట్టుమన్న, బొటనవ్రేలి కొస మడచిగాని పట్టలేకపోయెను. కత్తెర పట్టి బ్రతికిన చెయ్యి అది. శస్త్రచికిత్స చేసినారు. జబ్బు ముందుకు సాగుట ఆగినది గాని, పోయిన కండ తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదో కూడ చెప్పవలెను. తెగిన పోగు మరల పెరుగునది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అనగా నెలకొక అంగుళము. మోచేతినుండి వ్రేళ్ల నడుమ కండలవరకు ప్రయాణము ఇంచుమించు ఏడాది పట్టును. నరము అందని కండ ఏడాది, ఏడాదిన్నర గడచిన పిదప దానిని స్వీకరించు శక్తిని కోల్పోవును. కావున మోచేతి వద్ద ఆలస్యము మణికట్టు వద్ద ఆలస్యముకన్న నష్టకరమైనది.

దీనినిబట్టి ఆగదగినవారెవరో తెలియుచున్నది. తిమ్మిరి వచ్చి పోవుచున్నదా? వ్రేళ్లలో స్పర్శ నిలిచియున్నదా? కండ నిండుగా నున్నదా? అట్లయిన ఆగవచ్చును. ఊరక ఆగుట కాదు. మణికట్టు వంగకుండ రాత్రివేళ బద్ద కట్టుకొని నిద్రింపవలెను. ఆరు వారములైన విడువక కట్టవలెను. రెండు రాత్రులు కట్టి "పనిచేయలేదు" అనరాదు. మోచేతి జబ్బునకు తువ్వాలు చుట్టి మోచేయి ముడుచుకొనకుండ చూచుకొన్నచో తేలిక దశలోనున్నవారికి చాలవరకు నెమ్మదించును. చక్కెర, థైరాయిడ్ అదుపులో పెట్టవలెను. మణికట్టులో స్టెరాయిడ్ సూది వేసినచో కొన్ని వారములు, కొన్ని నెలలు ఉపశమనముండును. చక్కెర వ్యాధిగలవారికి ఆ సూది తరువాత కొలదిరోజులు రక్తములో చక్కెర పెరుగును గాన ముందుగా డాక్టరుకు చెప్పవలెను. ఇక మన ఊళ్లలో "నరాలకు బలం" అని వేయు సూదుల మాట. విటమిన్ లోపముచే వచ్చిన తిమ్మిరికి అవి పనిచేయును. ఇరుకున నలుగు నరమునకు అవి జాగా కల్పింపలేవు. పది సూదులకు పెట్టు ఖర్చుతో జిల్లా ఆసుపత్రికి వెళ్లి రావచ్చును.

ఆగినవారికి ఫలితమెట్లుండును, కోయించుకొన్నవారికెట్లుండును అని నెదర్లాండ్స్ దేశమున మణికట్టు జబ్బుగల 176 మందిని రెండు వర్గములుగా చేసి చూచిరి. ఆ ఫలితములు 2002లో ప్రకటింపబడినవి. మూడు నెలలకు శస్త్రచికిత్స వర్గములో నూటికి 80 మందికి, బద్ద వర్గములో 54 మందికి గుణము కనిపించెను. పదునెనిమిది నెలలకు మొదటి వర్గములో 90, రెండవదానిలో 75. ఈ 75 అను అంకెను చూచి బద్ద చాలునని త్వరపడరాదు. బద్దతో మొదలుపెట్టినవారిలో నూటికి 41 మంది ఆ లోపుగనే శస్త్రచికిత్స చేయించుకొనియుండిరి. మాకు దీనిలో కనిపించిన సంగతి రెండువైపుల నున్నది: సగముమందికి పైగా కోత లేకనే గడుపుకొనిరి, మొదట బద్ద కట్టి చూచుటచే తరువాత కోతకు దారి మూసికొనిపోలేదు.

ఆగగూడనివారెవరు? తిమ్మిరి రాత్రింబవళ్లు వదలనివారు, వ్రేళ్లకు వేడి తెలియక కాల్చుకొనువారు, బొటనవ్రేలి మొదటి కండ చదునైనవారు, పట్టు తప్పి వస్తువులు జారవిడుచువారు, బద్దయు సూదియు వాడినను తగ్గనివారు. మా అభిప్రాయమున వీరు "పంటలైన తరువాత చూద్దాము" అనుట తగదు. పంట మరుసటి ఏడు వచ్చును.

ఇక "నరం కోస్తారు" అను మాట. ఎన్ని చేతులు ఈ మాటవలన పాడైనవో! నరమును కోయరు. నరముపైనున్న పట్టీని కోయుదురు. తూము కప్పును తీసినట్లు. 1933లో జేమ్స్ లెర్మంత్ అను శస్త్రవైద్యుడు ఇట్టి చికిత్సను ప్రకటించినాడు. నేడు ఇది చేతి శస్త్రచికిత్సలలో మిక్కిలి సాధారణమైనది. సాధారణముగా చేతికి మాత్రము మత్తు సూది వేసి, అరచేతి మొదట కొద్దిపాటి కోతతో అరగంటలోపల ముగింతురు. చాలవరకు అదే రోజున ఇంటికి పంపుదురు. పది పదునాలుగు దినములకు కుట్లు తీయుదురు. మోచేతివద్ద కొందరికి నరముపై కప్పును మాత్రము విడదీయుదురు, కొందరికి నరమును ముందుకు జరుపుదురు. ఫలితములు ఇంచుమించు సమానమే. జరుపుటలో చిక్కులు కొంచెము హెచ్చు. ఎందుకు జరుపవలసివచ్చుచున్నదని డాక్టరునడుగుట తప్పు కాదు.

చెడ్డ సంగతులను దాచగూడదు. కోసినచోట అరచేతిలో నొప్పి, పట్టులో బలహీనత కొన్ని వారములు, ఒక్కొక్కరికి మూడు నాలుగు నెలలు ఉండును. చీము పట్టుట, నరపు శాఖకు దెబ్బ తగులుట, చెయ్యి వాచి బిగుసుకొని బాధించుట అరుదుగా జరుగును. అరుదుగానైనను జరుగును. రాత్రి తిమ్మిరి త్వరలోనే తగ్గును; స్పర్శ నెమ్మదిగా వచ్చును; కరిగిన కండ రాకయుండవచ్చును. ఈ మాట డాక్టరు ముందుగా చెప్పనిచో మీరే అడుగవలెను: "నా చేతిలో తిరిగి వచ్చేది ఎంత, రానిది ఎంత? ఆరు నెలలాగితే నష్టమేమిటి? ఎన్ని రోజులకు బరువెత్తవచ్చును?" ఈ ప్రశ్నలకు సమాధానము వినిన పిదపనే ఒప్పుకోలు కాగితముపై సంతకము చేయవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకము ఈ చికిత్సకు, ఆ ఆసుపత్రిలో వర్తించునా అని అచ్చటి పథకపు సహాయకునివద్ద ముందుగా కనుగొనవలెను. కార్డున్నది గదా యని నమ్మి వెళ్లి, మధ్యలో అప్పుచేసినవారిని ఎరుగుదుము.

ఇప్పుడు మీ పనికి వచ్చుచున్నాము. డాక్టరు చెప్పవలసినది డాక్టరు చెప్పును. గేదెలనెవరు పితుకుదురను ప్రశ్నకు ఏ డాక్టరు వద్దను మందు లేదు. చేతిపనివారిలో చాలమంది కోత వద్దనుటకు భయమొక్కటే కారణము కాదు. మూడు నాలుగు వారముల కూలియు కారణమే. ఆ వార్డు సభ్యురాలి గ్రామమున సర్పంచిగారు ఈ సంగతి గ్రహించినారు. ఊరిలో అదే శస్త్రచికిత్స ఏడాది క్రిందట చేయించుకొన్న చేనేత కార్మికుడొకడుండెను. అతనిని ఆమె ఇంటికి తీసికొనివెళ్లి, చెయ్యి చూపించి, మగ్గము మీద మరల ఎన్నాళ్లకు కూర్చున్నాడో చెప్పించినారు. అతడు "నెల్లాళ్లు అవస్థే నమ్మా" అని కూడ దాచకుండ చెప్పినాడట. మేము వంద కరపత్రములు పంచినను అంత పని జరిగెడిది కాదు. పాల కేంద్రమునకు పోయు మరి ఇద్దరు స్త్రీలు వంతులవారీగా పాలు పితుకుటకు ఒప్పుకొన్నారు. ఈమె చెయ్యి కుదుటపడిన పిదప వారికి అవసరమైనపుడు ఈమె పితుకవలెనని మాట. దూడలను విడుచుట, మేత వేయుట భర్త నేర్చుకొన్నాడు. నలుబదియెనిమిదేండ్ల వయస్సున నేర్చుకొన్నాడని నవ్వుచు చెప్పినారు.

దసరా వెళ్లిన తరువాత ఆమె కుడిచేతికి శస్త్రచికిత్స జరిగినది. మొదటి వారముననే రాత్రి మెలకువలు ఆగినవి. మేము నాలుగు నెలల తరువాత చూచినపుడు ఆమె పాలు పితుకుచుండిరి గాని, నాలుగు గేదెలను కాదు, రెండింటిని. మిగిలిన రెంటిని భర్త పితుకుచున్నాడు. చూపుడువ్రేలి కొస ఇంకను కొంత మొద్దుగానే యున్నదని అన్నారు. కొంగు ముడి విప్పకయే లోపలనున్నది నాణెమని చెప్పి, విప్పి మాకు చూపినారు. ఎడమచేతికి రాత్రులందు బద్ద కట్టుకొనుచున్నారు. దానికి తిమ్మిరి వచ్చి పోవుచున్నది గాని నిలువలేదు. ఆరు నెలలకొకసారి చూపించుకొమ్మని డాక్టరు చెప్పినారట. వేసవిలో మరల వెళ్లుదునన్నారు.